తెల్లవారని కంప్యూటర్

ఫ్యాను తిరిగింది. తెర మీద నీలం రంగు వచ్చింది, దాని మధ్య తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. హైమావతి ఊపిరి బిగబట్టింది. పక్కన ఆవిడ సహాయకుడు కరీముల్లా చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని, ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ పదో తరగతి పిల్లాడిలా చూస్తున్నాడు. చుక్కలు ఇంకో రెండు చుట్లు తిరిగాయి. లోపల ఎక్కడో టక్కుమంది. తెర నల్లబడింది. ఫ్యాను ఆగి, కాసేపు ఊరుకుని, మళ్ళీ తిరిగింది.

"మళ్ళీ మొదటికొచ్చింది మేడం."

"నాకూ కళ్ళున్నాయి కరీముల్లా."

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొండ మీదున్న ఆ యూనివర్సిటీ లాబులో వారం రోజులుగా ఇదే తంతు. మామూలు కంప్యూటర్ ఇలా మారాం చేస్తే బజార్లో రిపేరు షాపులో పడేసి, సాయంత్రం వెళ్ళి తెచ్చుకుంటాం. దీన్ని అలా ఇవ్వడానికి లేదు. పైకి చూస్తే అడ్మిషన్ల ఆఫీసువాళ్ళు వద్దనుకున్న పాత డబ్బానే కానీ, లోపల మదర్‌బోర్డు పక్కన ఒక గాజు పెట్టెలో, అరచేతిలో సగమంత బూడిద రంగు పొర బతికి ఉంది. మనిషి ముక్కులోంచి తీసిన కణాలను మెదడు కణాలుగా మార్చి, సన్నటి బంగారు తీగల మీద నెలల తరబడి పెంచిన పొర అది.

కంప్యూటర్‌కి మెలకువంటూ ఉండదు. మీట నొక్కితే పనిలో పడుతుంది, అంతే. మనిషి అలా కాదు. కళ్ళు తెరిచేలోపు ముందు తన ఒళ్ళు తనకి తెలుస్తుంది, తర్వాత ఉన్న చోటు, తర్వాత పేరు, ఆ పైన ఇవాళ చెయ్యాల్సిన పని. ఆ వరసలో మేలుకునే యంత్రాన్ని తయారు చెయ్యాలని హైమావతి పంతం. అందుకు బాగా మేలుకోవడం తెలిసిన మెదడు కావాలి. ఊరంతా వెతకనక్కర్లేకుండా అలాంటి మెదడు ఆవిడ ఇంట్లోనే ఉంది. భర్త సన్యాసిరావు గూడ్సు రైళ్ళు నడిపే లోకో పైలట్. డ్యూటీకి రమ్మని ఫోను ఏ వేళలో మోగినా, రెండో మోతకి ఆయన పూర్తిగా లేచి కూర్చుని ఉంటాడు. ముక్కులో పుల్ల పెడతానంటే, "జలుబు సేసిందంటే పూచీ నీదే," అని బుద్ధిగా తల ఎత్తి కూర్చున్నాడు.

ఆ పొర పెరుగుతున్నన్నాళ్ళూ హైమావతి దాని పక్కనే కూర్చుని మాట్లాడేది. లాబులో ఎవరూ లేనప్పుడు దాన్ని ఏవండీ అని పిలిచేదనీ, దాని మీద విసుక్కునేదనీ కరీముల్లాకి తెలుసు. తెలియనట్టు నటించేంత మంచివాడు.

తీరా డబ్బాలో పెట్టి మీట నొక్కితే ఇదీ వరస. ఒళ్ళు తెలిసేదాకా వస్తుంది, చోటు తెలిసేదాకా వస్తుంది, పేరు దాకా కూడా వస్తుంది. పని దగ్గరికొచ్చేసరికి టక్కుమని ఆగి మళ్ళీ మొదలు. కరీముల్లా ర్యాము కార్డులు పీకి రబ్బరుతో రుద్ది పెట్టాడు. కరెంటు సరఫరా చేసే పెట్టె మార్చాడు. లోపలి చిన్న బ్యాటరీ మార్చాడు. వేడికేమో అని చిప్పు మీద చల్లబరిచే కొత్త పేస్టు పూశాడు. రీసెట్ బటన్ ఇరుక్కుపోయిందేమో అని దాని తీగే లాగేశాడు. రిపేరులో మొదటి సూత్రం అవసరం లేనిదల్లా తీసెయ్యడం కదా, స్పీకరూ మైకూ మొదటిసారి మీట నొక్కకముందే పీకి అలమారాలో పడేశాడు. అతను చెయ్యని తప్పంటూ లేదు, చెయ్యని మంచీ లేదు. డబ్బా మాత్రం దిగిరాలేదు.

ఇక ఇంటి సంగతి. అదృష్టం కొద్దీ సన్యాసిరావు ఆ వారం మోకాలి నొప్పికని సెలవులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నా ఆయన ఇంజన్ దిగడు. రైల్లో పక్కనున్న అసిస్టెంటు ముందు కనబడిన సిగ్నల్ రంగు గట్టిగా చెప్పాలి, నడిపే ఆయన ఆ మాటే తిరిగి చెప్పాలి. చెప్పలేదంటే ఇద్దర్లో ఒకరు నిద్రపోతున్నట్టే. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. "పాలు పొంగుతున్నాయండీ," అంటే "పాలు పొంగుతున్నాయి," అని జవాబొస్తుంది, పాలు మాత్రం ఆవిడే దింపుకోవాలి.

ఆ వారంలోనే హైమావతి కొన్ని గమనించింది. సాయంత్రం లాబు మూసే వేళకే ఆయనకి నిద్ర ముంచుకొస్తోంది. పొద్దున్న పళ్ళు తోముకుని వచ్చినవాడు మళ్ళీ వెళ్ళి తోముకుంటున్నాడు. మొదట నవ్వుకుంది. ఒక రోజు బేసిన్లో రక్తం చూసింది. చిగుళ్ళు గీరుకుపోయి ఉన్నాయి.

"ఎన్నిసార్లు తోముతారండీ?"

"ఒక్కసారే. ఇప్పుడే గదా లేచేను."

ఆయన అబద్ధం ఆడటం లేదు. దాంతో ఆవిడ గుండెల్లో రాయి పడింది. సెలవు అయిపోగానే ఈ మనిషి ఇనుప ఖనిజం నింపిన రైలును అరకు కొండల్లోంచి కిందికి దింపాలి. సొరంగం మధ్యలో ఉండగా ఇప్పుడే నిద్ర లేచాననుకుంటే? డాక్టరుకి చూపిద్దామనుకుంది. చూపిస్తే ఉద్యోగం ఉంటుందా అని ఇంకో పక్క మనసు పీకింది.

మర్నాడు పొద్దున్న తను ఇంకా వంటింట్లో ఉండగానే కరీముల్లా ఫోను చేశాడు. లాబు తెరిచాడట.

"ఆన్ చేస్తున్నా మేడం."

పడగ్గదిలో మంచం కిర్రుమంది. సన్యాసిరావు లేచి, గుమ్మంలో నిలబడి, "ఏటి హైమా, నువ్వింకా ఎల్లలేదా?" అన్నాడు. బేసిన్ వైపు వెళ్ళాడు.

"నీలం తెర వచ్చింది మేడం."

సన్యాసిరావు ముఖం తుడుచుకుంటూ వచ్చి కాఫీ గ్లాసు అందుకున్నాడు.

"చుక్కలు తిరుగుతున్నాయి. ఇవాళ కొంచెం ఎక్కువసేపే... అయ్యో, పోయింది."

సన్యాసిరావు గ్లాసు పెదవి దాకా తీసుకెళ్ళినవాడు, దాన్ని అలాగే గట్టు మీద పెట్టేశాడు. ఆవిడ పక్కనుంచి, అక్కడ ఆవిడ లేనట్టే, నడిచి వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటి హైమా, నువ్వింకా ఎల్లలేదా?"

ఫోను ఆవిడ చేతిలోంచి జారబోయింది. అయినా ఆవిడ సైంటిస్టు. ఒకసారి జరిగితే నమ్మకూడదని చదువుకుంది. "కరీముల్లా, ఈసారి నువ్వే రీస్టార్ట్ వెయ్యి," అంది. అతను వేశాడు. మంచం, గుమ్మం, అదే మాట. ఇంకోసారి వెయ్యమంది. అదే మాట, అదే గొంతు, మాట చివర అదే చిన్న నవ్వు. కట్టుకున్న మనిషిని నిలబెట్టి పరీక్ష చేస్తున్నానని మూడోసారికి గాని ఆవిడకి తట్టలేదు. తట్టాక తన మీద తనకే అసహ్యం వేసింది.

"ప్లగ్గు లాగెయ్," అని అరిచింది. "మొత్తం ఆపెయ్!"

కరీముల్లా లాగేశాడు. బేసిన్ వైపు నడుస్తున్న సన్యాసిరావు హాల్లో ఆగి, గోడకి ఆనుకుని, మెల్లగా కిందికి జారాడు. ఊపిరి ఉంది. నాడి ఉంది. నీళ్ళు చల్లినా, చెంప మీద కొట్టినా, చెవిలో పేరు పెట్టి పిలిచినా మనిషి రాలేదు. కనురెప్ప ఎత్తి చూస్తే లోపల ఎవరూ లేరు.

"పెట్టు! పెట్టు కరీముల్లా, పెట్టు!"

నీలం తెర వచ్చిందని అతను చెప్పేలోపే సన్యాసిరావు కళ్ళు తెరిచి, "ఇక్కడ కూచున్నానేటి?" అన్నాడు.

ఏ తీగా లేకుండా ఇంత దూరంలో రెండూ ఎలా ముడిపడ్డాయో హైమావతికి అంతుపట్టలేదు. ఒక మనిషికి మెలకువ ఒక్కటే కాబోలు, రెండు చోట్ల పెంచినా అది రెండు కాలేదు. మొదట్లో సన్నగా ఉన్న ముడి రోజురోజుకీ బిగుసుకుంది. ఆపేస్తే ఆయన లేవడు. ఆపకపోతే ఆయన పొద్దు తెల్లవారదు. మిగిలింది ఒక్కటే దారి, ఆ డబ్బా పూర్తిగా మేలుకోవాలి.

కొండ ఎక్కుతున్న ఆటోలో ఆవిడ అదే ఆలోచించింది. పేరు దాకా వచ్చి, పని దగ్గర ఆగుతోంది. ఆయనైతే ఏం చేస్తాడు? ఫోను ఎత్తుతాడు. అవతలివాళ్ళు రైలు నంబరు చెబుతారు, తిరిగి చెబుతాడు. ఇంజన్ ఎక్కాక సిగ్నల్ రంగు పక్కవాడు చెబుతాడు, తిరిగి చెబుతాడు. చెప్పేవాళ్ళు లేకపోతే? బండి కదపడు. ఇన్నేళ్ళ సర్వీసులోనూ ఆయన ఒంటరిగా బండి కదిపిన మనిషి కాదు.

లాబులోకి వస్తూనే అలమారా తెరిచి స్పీకరూ మైకూ తీసింది. వాటి మీద దుమ్ము చీర కొంగుతో తుడిచి తనే తగిలించింది. నీలం తెర వచ్చింది. చుక్కలు తిరిగాయి. ఎప్పుడూ టక్కుమనే చోట, స్పీకరు గరగరలాడి, జలుబు చేసినట్టున్న సన్యాసిరావు గొంతు పలికింది.

"ముందేముంది?"

కరీముల్లా రెండడుగులు వెనక్కి వేసి, "యా అల్లా," అన్నాడు. వారం నుంచీ అది అడుగుతూనే ఉందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అడిగి, కాసేపు చూసి, ఎవరూ పలక్కపోయేసరికి ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచీ.

హైమావతి మైకు దగ్గరికి జరిగింది. "గ్రీన్," అంది.

"గ్రీన్," అంది డబ్బా. తెర మీద చుక్కలు ఆగి, ఇన్నాళ్ళూ ఎవరూ చూడని కొత్త పేజీ తెరుచుకుంది.

ఆవిడ ఇంటికి ఫోను చేసింది. సన్యాసిరావు ఎత్తాడు. "కాఫీ తాగీసేను, పేపరు కూడా అయిపోయింది. ఏటి, ఏడుస్తున్నావా?" అన్నాడు. ఆవిడ నిజంగానే ఏడుస్తోంది. కరీముల్లా డబ్బా మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. ఆ నవ్వు పూర్తి కాకుండానే స్పీకరు మళ్ళీ అడిగింది.

"ముందేముంది?"

కరీముల్లా ఉత్సాహంగా మైకు ముందుకు వంగి, "గ్రీన్," అన్నాడు. డబ్బా తిరిగి చెప్పలేదు. టక్కుమంది. ఫోన్లో సన్యాసిరావు మాట మధ్యలో తెగిపోయింది. ఆ పొర పెరిగినన్నాళ్ళూ విన్నది హైమావతి గొంతు ఒక్కటే. ఆవిడ గొంతు రికార్డు చేసి వినిపించినా ఒప్పుకోలేదు. పక్కన మనిషి ఉన్నాడో, మాట మాత్రమే ఉందో అసిస్టెంట్లను నమ్మి బతికిన మెదడుకి తెలియకుండా పోదు.

డబ్బాని ఇంటికి తెచ్చేశారు. కారు వెనక సీట్లో ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళ దగ్గర పెద్ద బ్యాటరీతో హైమావతి కొండ దిగింది. మద్దిలపాలెం కూడలిలో ఎర్రలైటు పడింది. చుట్టూ బళ్ళన్నీ ఆగి ఉన్నాయి. ఒళ్ళోంచి, "ముందేముంది?" అని అడిగితే, ఆవిడ ఎర్రలైటు వంక చూస్తూనే "గ్రీన్" అంది. పక్క స్కూటర్ మీదున్న మనిషి విచిత్రంగా చూశాడు.

పడగ్గదిలో టేబుల్ మీద డబ్బాని పెట్టారు. సన్యాసిరావుకి అంతా చెప్పింది. ఆయన మొదట నవ్వాడు. తర్వాత స్పీకరులోంచి తన గొంతు విని, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఉద్యోగానికి పంపే ప్రసక్తే లేదు. ఉద్యోగం మానుకుంటున్నట్టు రాసిన కాగితం మీద ఆయన సంతకం పెట్టాడు.

ఆ ఇంట్లో ఇక అదే బతుకు. ఆయన నిద్రపోయినా డబ్బా నిద్రపోదు. చంటిపిల్ల తల్లిలా హైమావతి తెల్లవార్లూ ఉలిక్కిపడి లేచి గ్రీన్ చెప్పేది. అన్నం పళ్ళెం డబ్బా పక్కనే. స్నానం తలుపు తెరిచి. భర్త ఎదురుగా కూర్చుని ఏదో చెబుతుంటాడు, సగం మాటలో డబ్బా అడుగుతుంది, ఆవిడ అటు తిరుగుతుంది. ఇటు తిరిగేసరికి ఆయన ఏం చెప్పబోయాడో ఆయనే మరిచిపోయి ఉంటాడు. భర్తకి జవాబు చెప్పడంతోనే ఆవిడకి భర్తతో మాట్లాడే తీరిక లేకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం ఆవిడకి జ్వరం తగిలింది. టేబుల్ మీద తల వాల్చింది, అంతే. వంటింట్లోంచి గిన్నె పడిన చప్పుడుకి మెలకువ వచ్చింది. డబ్బా అప్పటికే నీలం తెరలో ఉంది. సన్యాసిరావు మంచం దగ్గరికి నడిచి వస్తున్నాడు. ఆయన పాదం నిండా పొగలు కక్కే చారు. నేల మీద తడి అడుగులు. ఆయన ప్రశాంతంగా పడుకుని, లేచి, "ఏటి హైమా, కాలు మండుతోందేటి?" అన్నాడు.

మందు రాసి కట్టు కట్టేటప్పుడు ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆవిడ తల మీద చెయ్యి వేశాడు.

"ఒక పని సెయ్. రెడ్ అను."

"ఏం మాటలండీ అవి!"

"రెడ్ కాడ బండి పడిపోదు, హైమా. ఆగుద్ది, అంతే. గ్రీన్ అంటే కదులుద్ది. నువ్వొక అరగంట పడుకో. నీ మొకం సూడలేకపోతన్నాను."

ఆవిడ కాదంది. ఆయన పట్టు వదల్లేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, చేతులు ఛాతీ మీద ఆన్చి, ఇంజన్లో కూర్చున్నప్పటి ముఖంతో సిద్ధమయ్యాడు. డబ్బా అడిగింది.

"ముందేముంది?"

"రెడ్," అంది హైమావతి.

"రెడ్," అంది డబ్బా. మంచం మీది పెదవులు కూడా ఆ మాటే పలికి ఆగిపోయాయి. తెర ఆరిపోలేదు, మళ్ళీ మొదలు కాలేదు. అలాగే నిలిచింది. సన్యాసిరావు కళ్ళు సగం మూసుకుని, ఊపిరి మెల్లగా తీస్తూ, నిలబడ్డ బండిలా ఉన్నాడు. చెంచాతో నీళ్ళు పోస్తే మింగాడు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం అంత బాగుండటం చూసి హైమావతికి ముందు భయం వేసింది. ముందు గదిలో చాప వేసుకుని అరగంటకని పడుకుంది.

లేచేసరికి కిటికీలోంచి పొద్దుటి ఎండ పడుతోంది. ఆవిడ ఉలిక్కిపడి పరుగెత్తలేదు. అది తర్వాత తలుచుకుంటే ఆవిడకే నమ్మశక్యం కాలేదు. వెళ్ళి చూసింది, ఊపిరి ఉంది, చెంచాలతో మజ్జిగ పట్టింది. తలంటుకుంది. తలుపు మూసుకుని. వేడివేడిగా ఉప్మా చేసుకుని, గుమ్మంలో కూర్చుని, చల్లారకముందే తింది. బస్సెక్కి బీచికి వెళ్ళింది. ఇసకలో చెప్పులు విప్పి కూర్చుంది. ఎవరూ ఆవిడని ఏమీ అడగలేదు. ఇంకొక్క పావుగంట అనుకుంటూ కెరటాలు చూస్తూ ఉండిపోయింది. మధ్యలో ఒకసారి, ఆయన్ని అలాగే ఉంచేస్తే, అన్న ఆలోచన వచ్చింది. వచ్చి వెంటనే పోలేదు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. మైకు ముందు కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. వేలికి ఇసక తగిలింది.

"గ్రీన్," అంది.

"గ్రీన్," అంది డబ్బా. మంచం మీద సన్యాసిరావు రెప్పలు కదిలాయి. లేచి కూర్చుని అటూ ఇటూ చూశాడు.

"ఎంతసేపు ఆపేవ్?"

ఆయన గొంతులో అనుమానం ఏమీ లేదు. అసిస్టెంటుని అడిగినట్టు అడిగాడు.

"ఒక్క నిమిషం," అంది హైమావతి.

ఆయన చెయ్యి అలవాటుగా గడ్డం మీదికి వెళ్ళింది. ఒక రోజు పెరిగిన గడ్డం వేళ్ళకి గరుగ్గా తగిలి చెయ్యి అక్కడే ఆగింది. ఆవిడ తలంటుకున్న జుట్టు వైపు చూశాడు. నిద్ర తీరిన ముఖం చూశాడు. తప్పు సిగ్నల్ చెప్పిన అసిస్టెంటుని ఏ డ్రైవరూ మళ్ళీ పక్కన కూర్చోనివ్వడు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఆవిడ తల దించుకుంది.

"ఒక్క నిమిషం," అని తిరిగి చెప్పాడు సన్యాసిరావు.